సాక్ష్యం చెప్పిన నోరు

నందిగామ,
1958 నవంబరు.

నా ముద్దుల చెల్లి ఏసురత్నానికి,

అక్క జీవరత్నం ప్రేమతో రాసేది. మరిది ఇశ్రాయేలుకు నా వందనాలు చెప్పు. బేబిని దగ్గర కూర్చోబెట్టుకుని నా బదులు ఒకసారి తల నిమురు.

చిట్టీ, మీ జగ్గయ్యపేట కూటాల్లో నీతో తీరిగ్గా మాట్లాడాలనుకున్నాను. ఆ జనంలో కుదరలేదు. వేదిక మీద నిలబడ్డప్పుడు ఆడవాళ్ళ వైపు చివరి వరసలో నువ్వు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం కనిపించింది. నా గొంతు ఎంత చిన్నదో నీకు తెలుసుగా. మైకు పెట్టినా వెనకవాళ్ళకు వినపడలేదట. మీ బావగారు పక్కన నిలబడి నా మాటలన్నీ పెద్ద గొంతుతో మళ్ళీ చెప్పారు. "మా జీవరత్నమ్మకు తీపి జబ్బు పోయింది. మందు లేదు, మాకు లేదు. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేశాం. కాచి చూస్తే నీలం!" అని ఆయన అనగానే పందిరంతా స్తోత్రాలతో మోగిపోయింది.

అంతలో వత్సవాయి నుంచి వచ్చిన పున్నమ్మ లేచింది. కూలిపని చేసుకునే మనిషి. ఆమెకూ ఇదే జబ్బు. కొంగున కట్టుకొచ్చిన లడ్డు విప్పి వేదిక దగ్గరకు వచ్చి, "అమ్మగారూ, ఇది మా కళ్ళముందర తినండి. మేం చూడాల" అంది. మీ బావగారు నవ్వి, తినమని తల ఊపారు. తిన్నాను. అందరూ పాట అందుకున్నారు. సగం కొరికేసరికి నాకు ఆ పాట వినపడలేదు, జనం కనపడలేదు. ఏడాదిగా నలుగురిలో ముట్టని తీపి నాలుక మీద కరుగుతుంటే ఒళ్ళంతా కళ్ళు మూసుకున్నట్టయింది. నా కళ్ళలో నీళ్ళు చూసి వాళ్ళు దేవుని కోసం అనుకున్నారు. నేనూ అలాగే అనుకోవాలని చూశాను.

సాక్ష్యంలో చెప్పనివి కొన్ని ఉన్నాయి. అవి నీకు కాక ఎవరికి రాయను?

ఈ తీపి పిచ్చి చిన్నప్పటిది కాదు. పాస్టరు అయ్యగారి భార్యనై ఈ ఊళ్ళు తిరగడం మొదలయ్యాక పట్టుకుంది. మా ఇంటికి ఎవరెవరో వస్తారు. మొగుడు కొట్టాడని ఒకరు, కొడుకు మాట వినడంలేదని ఒకరు. అందరి మాటా వింటాను. నన్నేదైనా అన్నా వింటాను. మా జీవరత్నమ్మ మాట గడప దాటదని మీ బావగారు ప్రసంగాల్లో చెబుతుంటే ఆడవాళ్ళు నా వైపు మెచ్చుకోలుగా చూస్తారు. ఆ దాటని మాటలన్నీ ఎక్కడికి పోతాయని ఎవరూ అడగలేదు. ఒకసారి సంఘపెద్ద ఆశీర్వాదం గారి మనవరాలికి పేరు పెట్టే కూటంలో పిల్లను ఎత్తుకోబోయాను. ఆయన భార్య ఆరోగ్యమ్మ, "మీకెందుకులెండి శ్రమ, అయ్యగారు ఎత్తుకుంటారు" అని మెల్లిగా నా చేతుల్లోంచి తీసేసుకుంది. పిల్లల్లేని దాని చెయ్యి ముందు పడకూడదని. నేను నవ్వాను. అందరికీ బూందీ పంచాను. ఇంటికి వచ్చి తలుపు వేసుకుని బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాను. అడుగున దాచిన బెల్లం తగిలింది. ఆకలి లేదు. ముక్క తరవాత ముక్క నములుతూ పోయాను, దవడలు నొప్పి పుట్టేదాకా. అప్పటికి గానీ గుండెల్లో మంట ఆగలేదు. ఇలాంటివి ఎన్నో.

పోయిన ఏడాది బెజవాడలో డాక్టరమ్మ, "ఒంట్లో తీపి ఎక్కువైందమ్మా. నోటికి తాళం వేసుకుంటే సూది లేకుండా గడుస్తుంది" అంది. నాకు నవ్వొచ్చింది. నా నోటికి తాళం పడి ఎన్నేళ్ళయిందో ఆమెకేం తెలుసు.

అప్పట్లో బేబి మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది కదా. దానికీ ఇదే జబ్బు ముందే బయటపడింది. రోజూ సూది. పొద్దున్నే వంటింట్లో స్పిరిటు దీపం వెలిగించి, గాజు గొట్టంలో నీలం మందు పోసి, మూత్రం నాలుగు చుక్కలు వేసి కాచేది. ముందు తనది, తర్వాత నాది. నీలంగానే మిగిలితే తీపి లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, అలా పెరుగుతూ ఇటుక రంగుకు వచ్చిందంటే మరీ ఎక్కువన్నట్టు. "పెద్దమ్మా, నాది పసుపు, నీది ఇటుక. ఇవాళ కూడా నువ్వే ఫస్టు!" అనేది. "ఏం తిన్నావు?" "ఏం తినలేదే." "మరి మూతికి ఆ పంచదారేమిటి?" నేను గబుక్కున కొంగుతో తుడుచుకునేదాన్ని. అక్కడ ఏమీ ఉండేది కాదు. "దొరికావు దొంగా!" అని పడీ పడీ నవ్వేది.

తిట్టేది కాదు చిట్టీ. "తినాలనిపిస్తే తిను పెద్దమ్మా. కానీ ముందు నన్ను పిలువు. నేనొచ్చి ఎదురుగా కూర్చున్నాక తిను" అనేది. పిలిచేదాన్ని. వచ్చి కూర్చునేది. ఎవరేమన్నారో చెప్పమనేది. చెప్పేదాన్ని. ఆ మాటల్లో పడి బెల్లం సంగతే మరిచిపోయేవాళ్ళం. ఆ ఏడాది నేను నిజంగానే మానగలిగాను. ఎండాకాలంలో పరీక్షలయ్యాక అది మీ దగ్గరికి వచ్చేసింది. ఇల్లు బోసిపోయింది. పిలవడానికి మనిషి లేదు. బియ్యం డబ్బా మాత్రం ఉంది.

నా జబ్బు మళ్ళీ ముదరడం చూసే మీ బావగారు ఉపవాస కూటాలు పెట్టించారు. ఇప్పుడు అంతా పోయిందంటున్నారు. పోయిందనే నమ్ముతాను. బేబి పందిరి వెనక నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. అంతలో గంట కొట్టారు. వివరంగా మాట్లాడలేకపోయానని దానికి చెప్పు.

నీ మేలు కోరే అక్క,
జీవరత్నం.


నందిగామ,
1959 జనవరి, బుధవారం.

చిట్టీ,

ముందు ఈ నాలుగు ముక్కలు చదివి, ఉత్తరం పక్కన పెట్టి, బేబికి సూది వెయ్యి. చల్లదనానికని ఇసక కుండలో పెట్టిన మందుసీసా ఉందిగా. పారేసి ఉంటే ఇశ్రాయేలును ఇప్పుడే బెజవాడ బస్సెక్కించు. సూది వేశాక మిగతాది చదువు.

నీ ఉత్తరం ఇందాకే వచ్చింది. ఆదివారం నుంచి బేబికి సూది మానేశామని, అక్కను బాగుచేసిన దేవుడు నా బిడ్డను బాగుచేయడా అని రాశావు. దాని తొడలు గడ్డలు కట్టిపోయాయని, రోజూ ఆ సూది గుచ్చడం ఇక నీ వల్ల కాదని రాశావు. చదివిన వెంటనే కాగితం ముందేసుకున్నాను.

నాకు జబ్బు పోలేదు చిట్టీ. ఒక్కరోజు కూడా పోలేదు.

ఉపవాస కూటాల చివర కాచినప్పుడు నీలం వచ్చిన మాట నిజం. అప్పటికి ఎన్ని పూటలుగానో మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. పందిరి వెనక బేబి అడిగింది అదే. "పెద్దమ్మా, ఉపవాసంలో కాచావా? తిండి తినకపోతే నీది నీలమే వస్తుంది. అన్నం తిన్నాక మళ్ళీ కాచి చూశావా?" అంది. లేదన్నాను. "మరి ఇప్పుడే ఎందుకు చెప్పడం? ఇంటికెళ్ళి చూసుకుని వచ్చే కూటాల్లో చెప్పొచ్చుగా" అంది. పదిహేడేళ్ళ పిల్ల అడిగిన ప్రశ్న. గంట కొట్టారు, వెళ్ళి సాక్ష్యం చెప్పాను.

ఎందుకు చెప్పానో కూడా రాస్తాను, సిగ్గు విడిచి. మీ బావగారి మాట కాదనలేక అని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే. బాగుపడ్డానని నలుగురిలో చెప్పేస్తే ఇక పథ్యం ఉండదు, ఎవరూ నా చేతిలోంచి తీసుకోరు, తలుపు వేసుకుని తినక్కర్లేదు. నాకు ఆ తీపి కావాలి. అందుకని దేవుని పేరు వాడుకున్నాను.

అప్పటి నుంచి ఏ ఇంట్లో కృతజ్ఞత కూటం జరిగినా నన్ను పిలుస్తున్నారు. బూరెలు, పరమాన్నం, అరిసెలు. "అమ్మగారు తింటే చూడముచ్చటగా ఉంటుంది" అని రెండోసారీ వడ్డిస్తారు. తినకపోతే విశ్వాసం లేదనుకుంటారు. తింటే స్తోత్రం అంటారు. తిట్టినా తిన్నాను, మెచ్చుకున్నా తింటున్నాను. కోతల పండక్కి పంట కానుకలు వచ్చాయి. మిరపకాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు, బెల్లం దిమ్మలు. గుడి దగ్గర వేలం వేసేదాకా మా ముందుగదిలో పెట్టారు. ఆ గదిలో వాసనకు నాకు ప్రార్థన చేయబుద్ధి కాలేదు. దిమ్మల్ని పక్కకు ఒరిగించి అడుగువైపు నుంచి తవ్వుకుని తిన్నాను. వేలంలో రత్తయ్య ఒక దిమ్మ పైకెత్తి, "ఇదేందయ్యా, అడుగంతా గుల్లయింది! ఎలకలు కొట్టినై" అన్నాడు. ఎవరో, "అయ్యగారింట్లో ఎలకలు గదా, పండగ దాకా ఆగలేకపోయినై పాపం!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దేవునికిచ్చిన దాన్ని తిన్నది నేనే.

పండక్కి ముందే ఒకరోజు బేబి వదిలేసి వెళ్ళిన గొట్టం తీసి కాచాను. నీలం నిలవలేదు. చూస్తుండగానే ఇటుక రంగుకు దిగింది. మీ బావగారికి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "రంగును చూడకు జీవరత్నం, విశ్వాసంతో చూడు. ఇది నీకు పరీక్ష" అన్నారు. ఆయన అబద్ధమాడటం లేదు. ఆయన అలాగే నమ్ముతున్నారు. అదే నాకు భయం.

ఇంకొకటి. క్రిస్మసు తర్వాత బేబి నాకు కార్డు రాసింది. నీకు తెలుసో తెలియదో. "పెద్దమ్మా, ఇప్పుడు ఏ రంగు?" అంతే రాసింది. కార్డు నేను చూడకముందే పోస్టుమాను చదివాడు, ఆరోగ్యమ్మ చదివింది. "ఏం రంగండీ అమ్మగారూ, చీర రంగా?" అని అడిగింది. జవాబుగా నేనూ కార్డే రాశాను. "ప్రభువు కృపవల్ల ఇక్కడ అంతా క్షేమం" అని. ప్రతి ఉత్తరంలో రాసే మాటే కదా. రంగు ఇటుక అని కార్డు మీద ఎలా రాస్తాను, ఊరంతా చదువుతుంటే? రాయాల్సింది చిట్టీ. ఆ పిల్ల దానినే జవాబనుకుని ఉంటుంది.

నాకు మడమ దగ్గర పుండు పడింది. మానడం లేదు. చెప్పు వేసుకోలేను, బస్టాండు దాకా నడవలేను. లేకపోతే నేనే వచ్చేదాన్ని. మీ బావగారు పోస్టాఫీసు వైపు వెళ్తున్నారు. ఉత్తరం అంటించి ఆయన చేతికి ఇస్తున్నాను. ఆయన విప్పి చదివే మనిషి కాదు. రేపటికల్లా నీకు అందుతుంది.

సూది వేశావా? వేశానని ఒక్క ముక్క రాయి.

నీ అక్క,
జీవరత్నం.


నందిగామ,
1959 మార్చి.

చిట్టీ,

ఈ పిలుపు నా దగ్గర నుంచి వినడం నీకు ఇష్టం ఉండదు. నిన్ను ఇంకెలా పిలవాలో నాకు తెలియదు.

బేబిని మట్టిలో పెట్టి వచ్చాక నువ్వు నాతో మాట్లాడలేదు. మాట్లాడమని అడగడానికి కాదు ఈ ఉత్తరం. నీకు తెలియాల్సినవి నా దగ్గర ఉండిపోయాయి. అవి నీవి.

ఆ శనివారం కబురు తెచ్చిన మనిషి, పిల్లకు ఊపిరి ఆడటంలేదని మాత్రం చెప్పాడు. అప్పుడు నడవగలిగాను. పుండు కాలితోనే బస్టాండుకు వెళ్ళాను. మీ బావగారూ నేనూ మీ వీధి మలుపు తిరిగేసరికే ఏడుపు వినిపించింది. గదిలోకి వస్తే, సూది లేక దాని ఊపిరికి పట్టిన పండిన పళ్ళ వాసన ఇంకా ఉంది. కడవకు కడవ నీళ్ళు తాగిందని, రొప్పుతూ రొప్పుతూ నిద్రలోకి జారుకుందని, అది విశ్వాసం తెచ్చిన నెమ్మది అనుకుని ప్రార్థన చేస్తూ కూర్చున్నామని ఇశ్రాయేలు గోడకు చెప్పినట్టు చెప్పాడు. నువ్వు నా వైపు చూసి ఒకే మాట అడిగావు.

"నీది ఏ రంగక్కా?"

"ఎరుపు."

"ఎప్పట్నించి?"

"పండగ ముందు నుంచి. నీకు రాశా చిట్టీ, బుధవారమే రాశా."

"రాలా" అన్నావు. అని బేబి జడ విప్పడం మొదలుపెట్టావు.

నేను అబద్ధమాడానని నువ్వు అనుకుని ఉంటావు. నేను మాత్రం పోస్టువాళ్ళను తిట్టుకున్నాను. సోమవారం నందిగామ వచ్చి, గుడి ఊడవడానికి వెళ్ళి, బల్ల మీద గుడ్డ మార్చబోతే కానుకల పళ్ళెం కింద కవరు కనిపించింది. నా అక్షరాలు. నీ పేరు. అంటించింది అంటించినట్టే ఉంది.

మీ బావగారి అలవాటు నీకు తెలుసో లేదో. సంఘంలో ఎవరైనా ఉద్యోగం కోసమో, సంబంధం కోసమో ఉత్తరం రాస్తే ముందు ఆయనకు తెచ్చి ఇస్తారు. ఆదివారం దాకా బల్ల మీద పెట్టి, ప్రార్థన చేసి, సోమవారం పోస్టులో వేస్తారు. ఆ అలవాటు నాకు తెలుసు. ఇంట్లోదాన్ని, నా ఉత్తరానికి కూడా అలా చేస్తారని తట్టలేదు.

కవరు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. "ఇది ఇంకా ఇక్కడే ఉందేంటండీ?" అన్నాను.

"నువ్వు ఏడుస్తూ రాశావు. అంత భారంతో రాసినదాన్ని ఊరికే ఎలా పంపను? ఆదివారం ప్రార్థన చేసి వేద్దామనుకున్నా. ఈలోగా..." అన్నారు.

"దీంట్లో ఏముందో తెలుసా?"

"నీ ఉత్తరం నేనెందుకు చదువుతాను జీవరత్నం?"

నేనే విప్పి, మొదటి నాలుగు ముక్కలు పైకి చదివాను. నా చిన్న గొంతుతోనే చదివాను. ఈసారి ఆయన మళ్ళీ పెద్దగా చెప్పలేదు. బల్ల కోడు పట్టుకుని నేల మీద కూర్చున్నారు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. జగ్గయ్యపేట గంట ప్రయాణం. బేబికి ఊపిరి ఆడటంలేదంటే నడిచిన కాలు, బుధవారం ఎందుకు నడవలేదు? బస్సెక్కి వస్తే నీ మొహం చూసి చెప్పాలి. కాగితమైతే నీ మొహం కనపడదు. నాకు ఎప్పుడూ మెత్తగా ఉండే దారే దొరుకుతుంది.

బెజవాడ వెళ్ళి డాక్టరమ్మను అడిగాను. నాది వేరు, బేబిది వేరట. నాలాంటి వాళ్ళు తిండి తగ్గించి ఏళ్ళు నెట్టుకురాగలరట. బేబిలాంటి పిల్లలకు సూదే అన్నమట, సూదే ఊపిరట. "ఒక్క జబ్బే అనుకున్నామమ్మా" అన్నాను. "పేరు ఒకటే" అంది. గురువారం నా ఉత్తరం అందితే పిల్ల బతికేదా అని అడిగాను. ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. నా కాలు వేలు ఒకటి తీసేశారు. ఇప్పుడు నాకూ సూదే.

ఇంకోటి కూడా చెప్పాలి. నీకు చెప్పకపోతే నేనెవరికీ చెప్పలేను. బేబిని పెట్టి వచ్చిన సాయంత్రం మీ పక్కింటావిడ కాఫీ తెచ్చింది. "నీరసంగా ఉన్నారు, పంచదార ఎక్కువేశాను" అంది. తాగాను. ఖాళీ గ్లాసు ఇచ్చి ఇంకొకటి అడిగి తాగాను. చేతులకు ఇంకా ఆ మట్టి ఉంది. తియ్యగా ఉంది చిట్టీ. ఆ పూట కూడా తియ్యగానే ఉంది. నా పాపం పెద్దదని తెలుసు గానీ, ఇంత చవకైనదని అప్పుడు తెలిసింది.

పోయిన ఆదివారం గుళ్ళో లేచి నిలబడ్డాను. ప్రసంగం మధ్యలో. మీ బావగారు ఆపలేదు. "నేను జగ్గయ్యపేటలో చెప్పిన సాక్ష్యం నిజం కాదు. నాకు జబ్బు పోలేదు. ఉపవాసం వల్ల నీలం వచ్చింది. ఆ సంగతి నా చెల్లెలి కూతురు నాకు ముందే చెప్పింది. అయినా చెప్పాను, తినాలనే ఆశతో. నన్ను నమ్మి ఆ పిల్ల చచ్చిపోయింది" అన్నాను.

ఆశీర్వాదం గారు లేచి, "అమ్మగారు దుఃఖంలో ఉన్నారు. కూర్చోండమ్మా. అయ్యగారూ, పాట అందుకోండి" అన్నారు.

ఆరోగ్యమ్మ పక్కావిడతో, "చూశావా ఎంత తగ్గింపు మనసో! పాపం ఎంత తన మీద వేసుకుంటుందో" అంది. నిజం చెప్పినా సాక్ష్యమే అయింది. కూర్చుందామా అనిపించింది.

అప్పుడు వెనక నుంచి పున్నమ్మ, ఆ లడ్డు తెచ్చిన పున్నమ్మే, వత్సవాయి నుంచి వచ్చి ఉంది, అరిచినట్టుగా అంది. "అయితే నా సంగతేందమ్మగారూ? మిమ్మల్ని జూసి నేనూ మందుబిళ్ళలు పారేశా గదా. రోజూ బెల్లం కాఫీ తాగుతున్నా. కళ్ళు మసకలొస్తుంటే నా ఇస్వాసం తక్కువనుకుంటున్నా."

"నీ విశ్వాసం తక్కువ కాదు పున్నమ్మా. నేను చెప్పింది అబద్ధం."

"మరి ఇప్పుడేం జెయ్యాల?"

"రేపు పొద్దున నాతో బెజవాడ రా."

ఎవరూ పాట అందుకోలేదు. మీ బావగారు ఆశీర్వచనానికి చేతులెత్తారు. మళ్ళీ దించేశారు. జనం ఆశీర్వచనం లేకుండానే ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. సంఘం ఆయన్ను ఇక్కడ ఉంచుతుందో లేదో తెలియదు. ఆయన ఇంట్లో ఉత్తరాలు ముట్టుకోవడం మానేశారు. నాతో ఒకటే అన్నారు, "నాకు నువ్వు గట్టిగా చెప్పి ఉండాల్సింది జీవరత్నం" అని. నిజమే. ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా గట్టిగా చెప్పి ఉండాల్సింది.

పున్నమ్మను బెజవాడ తీసుకెళ్ళాను. ఒక కంటికి చూపు ఇక రాదన్నారు. రెండోది ఉంటుందన్నారు. తిరిగి వస్తుంటే బస్సులో నా పక్కన కూర్చుని, "మీరూ మళ్ళీ తింటారా అమ్మగారూ?" అని అడిగింది. తినాలని రోజూ ఉంటుందన్నాను. "నాగ్గూడా" అంది.

నన్ను క్షమించమని అడగను చిట్టీ. అడిగితే అదీ తీపి కోసమే అవుతుంది.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు, ఎవరి చేతికీ ఇవ్వడం లేదు. నేనే తెస్తున్నాను. బుధవారం నాటి ఉత్తరం కూడా దీనితో ఉంది. నీ చేతికిచ్చి గుమ్మం బయట నిలబడతాను. నువ్వు రెండూ చదివేదాకా కదలను. చదివాక తలుపు వేసుకున్నా సరే, నలుగురిలోకి లాగి నన్ను కొట్టినా సరే. ఏదన్నా అడిగితే మాత్రం నోరు తెరిచి జవాబు చెబుతాను, వీధంతా వినపడేట్టు.

జీవరత్నం.